కారు టైర్లు మార్చాలా? ముందు మీటరు చూసుకోండి

నంగిలి దగ్గర టీకి ఆపాం. బెంగళూరు నుంచి తిరుపతి వెళ్లే దారి, డిసెంబరు నెల, పొద్దున్నే ఏడు గంటలు. నేను గ్లాసు అందుకుంటుంటే మా ఆవిడ కారు చుట్టూ ఓసారి తిరిగొచ్చి, "ఏవండీ, ముందు టైరుకి ఇదేంటి, కురుపు లేచినట్టుంది?" అంది. వంగి చూశాను. ఎడమవైపు ముందు టైరు పక్క గోడ, అదే సైడ్‌వాల్ మీద సగం నిమ్మకాయంత ఉబ్బు. వారం కిందట బెంగళూరు టిన్ ఫ్యాక్టరీ కూడలి దగ్గర నీళ్లు నిండిన గుంతలో దబ్బున పడ్డ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. గాలి పోలేదు కదా అని ఊరుకున్నాను. ఇలాంటి దెబ్బకి పైన రబ్బరు బాగానే ఉంటుంది, లోపల దారాలు తెగుతాయి. తెగిన చోట గాలి రబ్బరును బయటికి తోస్తుంది. దానికి ప్యాచ్ ఉండదు, రిపేరు ఉండదు, టైరు తీసి పారేయడమే.

ముందు మొగిలి ఘాట్ ఉంది. డిక్కీ తెరిచి స్టెప్నీ తీస్తే దాన్లో గాలి సగం కూడా లేదు. పక్కనే పంచర్ షాపు ఉండబట్టి బతికిపోయాం.

తిరిగొచ్చాక మూడు వారాలు టైర్ల మీదే పడ్డాను. జేసీ రోడ్డులో నాలుగు షాపులు, మారతహళ్లిలో రెండు, రాత్రిళ్లు ఆన్‌లైన్‌లో ధరలు. అందరినీ నేను అడిగిన ప్రశ్న ఒకటే: "ఏ టైరు ఎక్కువ కాలం వస్తుంది?" ఆ ప్రశ్నే తప్పని నాకు చెప్పింది మా బావమరిది. వాడు డిజైర్ క్యాబ్ నడుపుతాడు, ఎక్కువగా ఎయిర్‌పోర్టు ట్రిప్పులు. "బావా, నీ బండి ఏడాదికి ఎంత తిరుగుతుంది?" అన్నాడు. లెక్కేస్తే ఆరు వేల కిలోమీటర్లు. వాడు పెద్దగా నవ్వి, "అది నాకు నెలన్నర పని. నేను కొనే టైరు నువ్వెందుకు కొంటావ్?" అన్నాడు.

అరగడం వేరు, ముదరడం వేరు

టైరు మూడు రకాలుగా పోతుంది. అరిగి పోతుంది, ముదిరి పోతుంది, లేదా దెబ్బ తగిలి పోతుంది. మనం కొనేటప్పుడు అరగడం గురించే ఆలోచిస్తాం, అమ్మేవాళ్లూ దాని గురించే చెబుతారు. బెంగళూరులో ఆఫీసుకి మెట్రోలోనో కంపెనీ బస్సులోనో వెళ్లి, కారుని శని ఆదివారాల్లో మాత్రం బయటికి తీసే ఇళ్లలో టైరు అరిగి పోవడం తక్కువ. వాడినా వాడకపోయినా ఎండకీ, గాలికీ, ఓజోనుకీ రబ్బరు గట్టిపడుతుంది. సైడ్‌వాల్ మీద సన్నటి గీతల్లా పగుళ్లు వస్తాయి. రోడ్డుకి తగిలే వైపు రబ్బరు బటన్లు నిండుగా కనబడుతుంటాయి, బ్రేకు కొడితే మాత్రం రోడ్డుని పట్టుకోదు.

నా టైర్ల మీద ఉన్న కోడ్ 4417. అంటే 2017లో 44వ వారంలో తయారైనవి. ఎనిమిదేళ్లలో 46,000 కిలోమీటర్లు తిరిగాయి. మా అమ్మాయి జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసుకుని, గాడిలో అగ్గిపుల్ల గుచ్చి గోరుతో గుర్తు పెట్టి కొలిచాను. వెనక టైర్లలో నాలుగున్నర మిల్లీమీటర్లు, ముందు టైర్లలో మూడు. కొత్త టైరులో సుమారు ఎనిమిది ఉంటుంది, చట్టం ప్రకారం కనీసం 1.6 ఉండాలి. ఆ హద్దు తెలియడానికే గాడి అడుగున చిన్న దిమ్మెలు పోస్తారు. అంచు మీద చిన్న త్రిభుజం గుర్తో, టిడబ్ల్యుఐ అన్న అక్షరాలో ఉన్న చోట గాడిలోకి చూస్తే అవి కనబడతాయి. పై రబ్బరు ఆ దిమ్మెతో సమానమైందంటే టైరు గుండైపోయినట్టే. నేనైతే 1.6 దాకా ఆగను. వానలో నీళ్లని బయటికి తోసే పని చేసేది ఆ గాడే, అది మూడు మిల్లీమీటర్లకి వస్తే చాలు మార్చేయాలని నా లెక్క.

అంటే కాగితం మీద నా వెనక టైర్లకి ఇంకా మూడేళ్ల ఆయుష్షు ఉంది. సైడ్‌వాల్ చూస్తే ఎండిన చెరువు అడుగులా ఉంది. ఐదేళ్లు దాటిన టైరుని ఏటా ఒకసారి తెలిసినవాళ్లకి చూపించమని, బయటికి ఎంత బాగున్నా పదేళ్లకి తీసేయమని తయారీదారులే చెబుతారు. కొన్ని కార్ల కంపెనీలైతే ఆరేళ్లకే మార్చమంటాయి. బెంగళూరు చల్లగా ఉంటుంది కాబట్టి కర్నూల్లో తిరిగే బండి కంటే మనది కొంచెం మెల్లగా ముదురుతుంది. నీడ లేని పార్కింగులో నెలల తరబడి నిలబెడితే ఆ లాభమూ పోతుంది.

పైసల లెక్క

ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవే. టైరు ఒకటి 4,400 రూపాయలు, 40,000 కిలోమీటర్లు వస్తుంది అనుకుందాం. ఇంకోటి 5,800 రూపాయలు, 58,000 కిలోమీటర్లు. మొదటిదానికి కిలోమీటరుకి 11 పైసలు, రెండోదానికి 10 పైసలు. చూడగానే రెండోదే లాభం.

మా బావమరిది ఏడాదికి 48,000 కిలోమీటర్లు తిరుగుతాడు. నాలుగు చక్రాలకి కిలోమీటరుకి నాలుగు పైసలు మిగిలితే ఏడాదికి 1,920 రూపాయలు. పైగా మొదటి రకమైతే పది నెలలకోసారి షాపుకి వెళ్లాలి, రెండోదైతే పద్నాలుగు నెలలు దాటుతుంది. ఆ ఒక పూట బండి ఆగితే పోయే ట్రిప్పులు కూడా డబ్బే. వాడికి ఎక్కువ కిలోమీటర్లు వచ్చే టైరే, షాపుల్లో మైలేజ్ టైరు అనేదే, సరైనది.

నా సంగతి చూడండి. ఏడాదికి 6,000 చొప్పున తిరిగితే 40,000 పూర్తి కావడానికే ఆరేళ్ల ఎనిమిది నెలలు పడుతుంది. అప్పటికే రబ్బరు ముదిరి ఉంటుంది. 58,000 తిరగాలంటే పదేళ్లకి కొంచెం తక్కువ. అంటే ఆ పై 18,000 కిలోమీటర్లకి నేను డబ్బు కడతాను గానీ వాడుకోను. నాలుగు టైర్ల మీద 5,600 రూపాయలు పోసినట్టు.

కాబట్టి షాపుకి వెళ్లే ముందు చేయాల్సిన పని ఇది. మీటరు మీద ఉన్న కిలోమీటర్లని బండి వయసుతో భాగించండి. ఏడాదికి పది వేల లోపైతే "ఎంత కాలం వస్తుంది" అన్న ప్రశ్న పక్కన పెట్టండి. ఏ మంచి కంపెనీ టైరైనా మీకు ముదిరే దాకా వస్తుంది. మీ డబ్బుని తడి రోడ్డు మీద పట్టు, గుంతల్ని తట్టుకునే సైడ్‌వాల్, మెత్తటి ప్రయాణం, వీటి మీద పెట్టండి. ఇరవై వేలు దాటితే మైలేజ్ టైర్లు చూడండి. వారం వారం అనంతపురమో మదనపల్లో వెళ్లొచ్చేవాళ్లు, క్యాబ్ వాళ్లు, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి వైట్‌ఫీల్డ్‌కి రోజూ కారులోనే వెళ్లే దురదృష్టవంతులు ఈ లెక్కలోకి వస్తారు. పదికీ ఇరవైకీ మధ్యలో ఉన్నవాళ్లకి రెండూ సగం సగం, ధర చూసి తేల్చుకోవచ్చు.

రెండు రకాల రబ్బరు

ఎక్కువ కాలం వచ్చే టైరులో మాయేమీ లేదు. రబ్బరు మిశ్రమం కొంచెం గట్టిగా ఉంటుంది, లేదా గాడి లోతు ఎక్కువగా ఉంటుంది, లేదా రెండూ. గట్టి రబ్బరు మెల్లగా అరుగుతుంది. అదే గట్టిదనం వల్ల తడి రోడ్డు మీద పట్టు కొంచెం తగ్గుతుంది, గుంతలో పడ్డప్పుడు దెబ్బ నడుముకి తెలుస్తుంది. మెత్తటి రబ్బరు రోడ్డుని అంటుకుని నడుస్తుంది, త్వరగా అరుగుతుంది. ఆయుష్షు, తడి పట్టు, ఇంధన పొదుపు, ఈ మూడింట్లో ఒకదాన్ని పెంచితే ఇంకోటి తగ్గడం టైర్లు చేసేవాళ్లకి పాత తలనొప్పి. రబ్బరులో సిలికా కలపడం మొదలయ్యాక ఈ బేరం కొంత నయమైంది, పూర్తిగా పోలేదు.

మన మార్కెట్లో మైలేజ్ పేరు మీద అమ్ముడయ్యేవి: అపోలో అమేజర్ 4జీ లైఫ్, సియట్ మైలేజ్ ఎక్స్3, గుడ్‌ఇయర్ అష్యూరెన్స్ డ్యూరాప్లస్, జేకే టాక్సీమాక్స్. పేర్లు చూస్తేనే ఎవరికోసం చేశారో తెలుస్తుంది. ఇటు మెత్తదనం, తడి పట్టు వైపు ఉన్నవి: మిషెలిన్ ఎనర్జీ ఎక్స్ఎం2 ప్లస్, యోకోహామా ఎర్త్-1, అపోలో ఆల్నాక్ 4జీ, సియట్ సెక్యూరాడ్రైవ్, కాంటినెంటల్ యూసీ6. ఎంఆర్‌ఎఫ్ జడ్‌వీటీవీ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. దాని సైడ్‌వాల్ గట్టిదన్న మాట పంచర్ షాపుల్లో తరచూ వింటాం. ఒకే కంపెనీ రెండు రకాలూ చేస్తుంది కాబట్టి "అపోలో మంచిదా, సియట్ మంచిదా" అని అడగడం కంటే, అందులో ఏ మోడల్ అని అడగడం మేలు. సైడ్‌వాల్ మీద కంపెనీ పేరు పక్కనే మోడల్ పేరు కూడా ఉంటుంది, చూసి చదువుకోండి. అన్ని మోడళ్లూ అన్ని సైజుల్లో రావు. పదమూడు, పద్నాలుగు అంగుళాల చక్రాలకి ఎంపిక తక్కువ.

"ఫారిన్ బ్రాండా, మన బ్రాండా" అన్న తర్జనభర్జన మా అపార్ట్‌మెంటులో ఎప్పుడూ నడుస్తుంటుంది. అందులో పెద్దగా పస లేదు. ఫారిన్ పేర్లున్న కంపెనీలు ఇక్కడే ఫ్యాక్టరీలు పెట్టి చేస్తున్నాయి. బ్రిడ్జ్‌స్టోన్‌కి పుణే, ఇండోర్ దగ్గర, కాంటినెంటల్‌కి మీరట్ దగ్గర మోదీపురంలో ఉన్నాయి. మన ఎంఆర్‌ఎఫ్ 1946లో మద్రాసు తిరువొత్తియూరులో బెలూన్ల షెడ్డుగా పుట్టింది, ఇప్పుడు సదాశివపేటలో కూడా ఫ్యాక్టరీ ఉంది. అపోలోకి తిరుపతి జిల్లా చినపాండూరులో ఉంది. ఊరి అభిమానంతో కొంటానంటే కాదనను.

కొన్ని టైర్ల మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది, 300, 400, 480 అలా. ఇది అమెరికా పద్ధతి. 100 అంకె ఉన్న నమూనా టైరు కంటే ఇది ఎన్ని రెట్లు మెల్లగా అరిగిందో చెబుతుంది. టెక్సాస్‌లో సాన్ ఏంజెలో దగ్గర నాలుగు వందల మైళ్ల దారిలో కార్లని తిప్పి తిప్పి, మొత్తం 7,200 మైళ్లు నడిపి ఈ లెక్క తీస్తారు. అంకె వేసుకునేది కంపెనీయే. ఒకే కంపెనీ రెండు మోడళ్లని పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఒక కంపెనీ 400ని ఇంకో కంపెనీ 420తో పోల్చి నిద్ర చెడగొట్టుకోవద్దు. కేఆర్ పురం ఫ్లైఓవర్ కింద టెక్సాస్ లెక్కలు పనిచేయవు.

ఫ్రిజ్‌ల మీద ఉన్నట్టే కొన్ని టైర్లకి ఇప్పుడు బీఈఈ స్టార్ లేబుల్ కూడా వస్తోంది. అది టైరు దొర్లడానికి ఎంత శక్తి తింటుందో, అంటే పెట్రోలు పొదుపు సంగతి చెబుతుంది. ఆయుష్షు సంగతి కాదు.

సైజు మార్చమంటారు, ఆగండి

నా స్విఫ్ట్‌కి 165/80 ఆర్14. ప్రతి షాపులోనూ ఎవరో ఒకరు "సార్, 185 వేసుకోండి, లుక్కు బాగుంటుంది" అన్నారు. ఈ అంకెల్లో అర్థం ఉంది. 165 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అంటే సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, అంటే 132 మిల్లీమీటర్లు. 14 అంటే రిమ్ము అంగుళాలు. అదే స్విఫ్ట్‌లో పై మోడల్‌కి 185/65 ఆర్15 వస్తుంది, సైడ్‌వాల్ 120 మిల్లీమీటర్లు. కొత్త బాలెనో పై మోడళ్లకి 195/55 ఆర్16, అందులో సైడ్‌వాల్ 107 మాత్రమే.

మూడింటి మొత్తం వ్యాసం కట్టి చూస్తే వరసగా 620, 621, 621 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. చక్రం అంతే ఎత్తు. రిమ్ము పెరిగిన కొద్దీ రబ్బరు తగ్గింది, అంతే. గుంత అంచు తగిలినప్పుడు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ఉన్న ఆ రబ్బరే దిండు. 132 మిల్లీమీటర్ల దిండున్న నా టైరుకే టిన్ ఫ్యాక్టరీ గుంత కురుపు లేపింది. 107 సంగతి ఊహించుకోండి. పెద్ద రిమ్ము అందంగా ఉంటుంది, మలుపుల్లో బండి గట్టిగా నిలబడుతుంది, నేను కాదనను. మన్నిక కోసం కొనేవాడు మాత్రం ఎత్తు సైడ్‌వాల్ వదులుకోకూడదు. ఉన్న రిమ్ము మీదే 185/70 ఆర్14 వేసుకుంటే సైడ్‌వాల్ దాదాపు అంతే ఉంటుంది, వ్యాసం ఒక శాతం లోపే తగ్గుతుంది. పట్టు పెరుగుతుంది, బదులుగా స్టీరింగు కాస్త బరువెక్కుతుంది, లీటరుకి వచ్చే మైలేజ్ కొంచెం తగ్గుతుంది. ఇది నాకు తప్పనిపించలేదు, అవసరమూ అనిపించలేదు.

సైజు తర్వాత ఉండే 85టి లాంటి గుర్తుని మాత్రం తగ్గించుకోవద్దు. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుందని, టి అంటే గంటకి 190 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. వేగం సంగతి సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో మనకి అక్కర్లేదు గానీ, బరువు సంగతి సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు కావాలి. బియ్యం బస్తా, నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను.

షాపులో

తేదీ చూడకుండా టైరు ఎక్కించనివ్వకండి. ఒక షాపులో నాకు మిగతా అందరి కంటే టైరుకి ఆరు వందలు తక్కువ చెప్పారు. సంతోషంగా ఒప్పుకోబోతూ సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే కోడ్ 0823. అంటే 2023లో ఎనిమిదో వారం. అప్పటికి మూడేళ్లు కావస్తోంది. "కొత్తదే సార్, ఎక్కడా వాడలేదు" అన్నాడు. నిజమే, వాడలేదు. నాలాంటి ఆరు వేల కిలోమీటర్ల వాడికి మూడేళ్లు పోవడమంటే టైరు ఆయుష్షులో సగం పోయినట్టే. మా బావమరిదికి అదే టైరు అదే ధరకి ఇస్తే సంతోషంగా తీసుకుంటాడు, ఏడాదిలో అరగ్గొట్టేస్తాడు. ఆరు నెలల లోపుదైతే మంచిది, ఏడాది లోపుదైతే పరవాలేదు. నాలుగు టైర్ల కోడ్లూ విడివిడిగా చూడండి, మూడు కొత్తవి పెట్టి ఒకటి పాతది కలపడం ఉంటుంది. కోడ్ టైరుకి ఒకవైపే ఉంటుంది, కాబట్టి రిమ్ముకి ఎక్కించక ముందే చూడాలి.

ధర అడిగేటప్పుడు "టైరెంత" అని కాకుండా "అన్నీ కలిపి ఎంత" అని అడగాలి. బిగింపు, కొత్త వాల్వులు, బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు, జీఎస్టీ, పాత టైర్లకి ఇచ్చే డబ్బు, అన్నీ తేలాక మిగిలేదే అసలు ధర. ఆన్‌లైన్లో టైరు చవగ్గా కనబడి, బిగింపు దగ్గర సమానమైపోవడం నేనే చూశాను. జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. అసలు ధర 4,000 ఉన్న టైరు పన్నుతో 5,120 నుంచి 4,720కి వచ్చినట్టు. పాత ధరల పట్టిక చూపించి అందులోంచి "డిస్కౌంటు" ఇస్తానంటే ఈ అంకె గుర్తు చేయండి. బిల్లు మీద టైరు నంబర్లు రాయించుకోండి, వారంటీకి అవే ఆధారం. కొన్ని కంపెనీలు గుంతల దెబ్బలకి కూడా కొంత కాలం వారంటీ ఇస్తున్నాయి, దానికి కొన్న వెంటనే రిజిస్టరు చేసుకోవాల్సి ఉంటుంది. బెంగళూరులో ఉండేవాడికి ఒక బ్రాండుని వదిలి ఇంకోటి ఎంచుకోవడానికి ఇదొక్కటే చాలినంత కారణం. మామూలు వారంటీ తయారీ లోపానికే వర్తిస్తుంది, అదీ మిగిలిన గాడి లోతుని బట్టి లెక్కగట్టి ఇస్తారు.

నైట్రోజన్ కొట్టిస్తారా అని అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. ఉచితంగా ఇస్తే కొట్టించుకోండి, డబ్బు పెట్టి వద్దు.

చవగ్గా దొరికేవాటిలో ఒకటి మాత్రం నిజంగా మంచి బేరం. కొత్త కారు కొన్న వెంటనే అలాయ్ వీల్స్, పెద్ద టైర్లు వేయించుకునేవాళ్లు షోరూము టైర్లని షాపులోనే వదిలేస్తారు. యాభై కిలోమీటర్లు కూడా తిరగని టైర్లు. మీ సైజులో దొరికి, నాలుగింటి తేదీలూ దగ్గరగా ఉండి, సైడ్‌వాల్ శుభ్రంగా ఉంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. మిగతా సెకండ్ హ్యాండ్ టైర్ల జోలికి పోవద్దు. అరిగిన రబ్బరులో కొత్తగా గాట్లు కోసి, నల్ల పాలిష్ కొట్టి వరసగా పేర్చి పెడతారు, సాయంత్రం లైట్లలో కొత్త పెళ్లికొడుకుల్లా మెరుస్తుంటాయి. పేరు తెలియని విదేశీ టైర్లు 2020 జూన్‌లో దిగుమతిపై ఆంక్షలు పెట్టాక బాగా తగ్గాయి. ఎవరైనా చూపిస్తే ఐఎస్‌ఐ ముద్ర ఉందేమో చూడండి, లేకపోతే మాట్లాడకుండా వచ్చేయండి.

రెండే మారిస్తే

నాలుగూ ఒకేసారి మార్చడానికి చేతిలో డబ్బు లేకపోవచ్చు. రెండు మార్చండి, కానీ కొత్తవి వెనక వేయించండి. షాపులో ఎవరూ ఒప్పుకోరు. ఇంజను తిప్పేది ముందు చక్రాలని, స్టీరింగు తిరిగేదీ అవే కదా, కొత్తవి ముందే ఉండాలంటారు. వాన రోడ్డు మీద ముందు టైర్లు జారితే బండి మలుపు తిరగకుండా నేరుగా పోతుంది, యాక్సిలరేటరు వదిలితే చాలాసార్లు దారికొస్తుంది. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది, అప్పుడు నాలాంటి మామూలు డ్రైవరు చేయగలిగింది ఏమీ లేదు. బెంగళూరులో ఏప్రిల్ వానలు మొదటిసారి పడ్డప్పుడు నెలల తరబడి పేరుకున్న నూనె, దుమ్ము తడిసి రోడ్డు సబ్బు రాసినట్టు ఉంటుంది. ఆ రోజు వెనక చక్రాల్లో పట్టుండాలి.

కొన్నాక

ఏ టైరు కొన్నామన్నదాని కంటే గాలి ఎంత పెట్టామన్నదే ఆయుష్షుని ఎక్కువగా తేలుస్తుందని నాకు గట్టి నమ్మకం. గాలి తక్కువైతే రెండంచులూ అరుగుతాయి, ఎక్కువైతే మధ్య భాగం అరుగుతుంది. లోపలి అంచు ఒక్కటే అరిగితే అలైన్‌మెంటు పోయినట్టు. నా పాత ముందు టైరు లోపలి అంచుని వేళ్లతో తడిమితే రంపం పళ్లలా తగిలింది, అదీ అలైన్‌మెంటు జబ్బే. అది కంటికి కనబడదు, చెయ్యి పెట్టి చూడాలి. డ్రైవరు తలుపు తీస్తే పక్కన స్టిక్కరు మీద ఎన్ని పీఎస్‌ఐ పెట్టాలో ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడు, అంటే రెండు మూడు కిలోమీటర్ల లోపు నడిచినప్పుడు కొట్టించాలి. హైదరాబాదు హైవే మీద మే నెల మధ్యాహ్నం అనంతపురం దాటాక టైరు పేలిందని వినే కథల వెనక చాలాసార్లు ఉండేది తక్కువ గాలి, ఎక్కువ బరువు, ఎడతెగని వేగం, ఎండ, ఈ నాలుగూ కలిసిన కారణమే. వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తోందని దారిలో తీసేయకండి, చల్లారాక అది తక్కువైపోతుంది.

ప్రతి పది వేల కిలోమీటర్లకి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి. నాలాగా తక్కువ తిరిగేవాళ్లు ఏడాదికోసారి చేయిస్తే సరి. కొత్త టైరు మీద అచ్చులోంచి తీసేటప్పుడు వాడిన నున్నటి పూత ఉంటుంది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు, గట్టి మలుపులు వద్దు.

చివరికి నేను రెండో రకంలోవి, మెత్తటివి నాలుగు తీసుకున్నాను. ఐదు వేల చిల్లర పడ్డాయి ఒక్కోటి, తయారై రెండు నెలలైంది. మోడల్ పేరు చెప్పను, చెబితే మీ సైజులో దొరక్కపోయినా అదే కావాలంటారు. మా బావమరిది వాడి డిజైర్‌కి మైలేజ్ టైర్లు ఐదు కొన్నాడు. ఐదోది స్టెప్నీ కోసం. అన్నీ ఒకటే సైజు కాబట్టి మార్పిడిలో దాన్నీ కలిపి తిప్పుతాడట, ఐదూ ఒకేసారి అరిగేలాగ.

"నీ స్టెప్నీ సంగతేంటి బావా?" అన్నాడు. తీసి చూస్తే దాని మీద కోడ్ కూడా 4417. బటన్లు దాదాపు షోరూములో ఉన్నట్టే ఉన్నాయి. "ఊళ్లో పంచరైతే షాపు దాకా పోవడానికి ఉంచు. తిరుపతికి మాత్రం దీని మీద పోకు" అని, గాలి నిండా కొట్టించి డిక్కీలో పడేశాడు.